ఉప్పు ఒక దగ్గర, పప్పు ఒక దగ్గర

నల్లగొండల మా ఇంట్ల నెల సామాను ఒక్క దుకాణంల కొనం. బియ్యం ఒక దగ్గర, పప్పులు ఇంకో దగ్గర, సబ్బులు మూడో దగ్గర. "నీకు సామాన్ల మీద కంటే తిరుగుడు మీదనే పాయిరం" అంటడు మా ఆయన. పెట్రోలు లెక్క కూడా తీస్తడు. మేముండేది రామగిరిల, ప్రకాశం బజారుకు నడిచే పోత, ఇంక పెట్రోలు యాడిది?

ఈ తిరుగుడుకు నా లెక్క నాకుంది. కన్ను పెట్టి చూడాల్సిన వస్తువైతే తెలిసిన మనిషి దగ్గర కొంట. చూసేది ఏమీ లేకపోతే రేటు ఎక్కడ తక్కువుంటే అక్కడ కొంట. బట్టల సబ్బు ఏ దుకాణంల కొన్నా అదే సబ్బు. కందిపప్పు అట్ల కాదు.

నల్లగొండ నీళ్లంటే బయటోళ్లకు ఫ్లోరైడే యాదికొస్తది. పొయ్యి కాడ నిలబడేటోళ్లకు ఇంకో బాధ కూడా తెలుసు. బోరు నీళ్లు పోస్తే పప్పు ఉడకదు. కుక్కర్ ఎన్ని విజిళ్లేసినా బద్దలు బద్దల్లెక్కనే ఉంటయి. ఇప్పుడు కృష్ణా నీళ్లొస్తున్నయి కాబట్టి చానా నయం. కానీ నల్లా రాని రోజు బోరే గతి. ఆ నీళ్లకు తోడు పప్పు కూడా పాతదైతే ఆ పూట పప్పుచారు మీద ఆశ వదులుకోవాలె. అందుకే కొనేటప్పుడు నేనడిగే మొదటి మాట రేటు కాదు, "ఎప్పటి పంట?" అని. పెద్ద సూపర్ మార్కెట్ల డబ్బాలల్ల పోసిపెట్టిన పప్పు కాడ నిలబడి ఆ మాట ఎవరినడగాలె? అక్కడున్న పిలగాండ్లకు ఏ డబ్బా ఏ వరుసల ఉందో తెలుస్తది, అంతే. వాళ్ల తప్పేం లేదు.

నేను పప్పులు కొనే దుకాణం సేటుకు తెలుస్తది. తాండూరు దిక్కు పప్పు వచ్చినప్పుడు ఆయనే చెప్తడు. తాండూరు కందిపప్పుకు 2022ల జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఆ దిక్కు పంటకే చెల్లుతది. అప్పటి నుంచి ఏ పప్పు కనబడ్డా తాండూరు పప్పే అనేటోళ్లు ఎక్కువైండ్రు. మా సేటు అట్లనడు. "ఇది మనది కాదమ్మా, బయటినుంచి వచ్చింది, జర సేపు నానబెట్టుకో" అని ముందే చెప్తడు. నమ్మకపోతే ఒక పిడికెడు కాయితంల పొట్లం కట్టిస్తడు. ఇంట్ల ఉడకబెట్టి చూసినంకనే కిలోలు జోకించుకుంట. నిగనిగ మెరిసే పప్పు తీస్కోబోతే, పాలిష్‌కు మెరుస్తుంది గానీ రుచికి కాదు అని ఆయనే ఆపిండు ఒకసారి. అమ్మేటోడే వద్దన్నప్పుడు ఇంక వేరే దుకాణం ఎందుకు వెతుక్కోవాలె?

మా ఆడబిడ్డ ఒప్పుకోదు. కిలోకు మూడు రూపాయలు ఎక్కువ పెడుతున్నవంటది. నిజమే, పెడుతున్న. పప్పులు, పల్లీలు, చింతపండు, జీలకర్ర, మెంతులు అన్నీ కలిపి నెలకు పదిహేను కిలోలైతయి. కిలోకు మూడు లెక్కన 45 రూపాయలు. ఆ 45 దేనికో ఆమెకు ఎట్ల చెప్పాలె? నేను ప్రైవేటు బడిల చెప్త. ఎండాకాలం సెలవులల్ల మా లాంటోళ్ల జీతం ఎప్పుడొస్తదో, అసలొస్తదో రాదో ఎవరికీ తెల్వదు. జూన్ల ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు అన్నీ ఒక్కసారే మీద పడ్తయి. అప్పుడు సేటు నోటుబుక్కుల మా పేరు కింద రాసుకుంటడు. ఉద్దెర అన్న మాట నోట్లకెల్లి రాకముందే, "రాసుకుంటలే, తీస్కపో" అంటడు. ఆ నోటుబుక్కుకు వడ్డీ లేదు. వాట్సాప్‌ల చిట్టి పంపితే పిలగానితోని ఇంటికే పంపిస్తడు. పైసలు ఫోన్‌పేల కొడితే గల్లా మీది డబ్బా గట్టిగ అరుస్తది, బాకీ తీరిన సంగతి బజారంతా ఎరుకైతది. అదొక్కటే నాకు నచ్చదు.

కాంట సంగతి ఒకటుంది. తూనికలు కొలతలోళ్లు ఎలక్ట్రానిక్ కాంటకు ఏడాదికోసారి ముద్ర వెయ్యాలె. ముద్ర కనబడకపోతే అడగొచ్చు. కానీ తోపుడు బండి కాడ నిలబడి ముద్ర చూపియ్యమని అడిగే మొఖం నాకు లేదు. దానికి బదులు ముందుగాల కిలో ఉప్పు ప్యాకెట్ కొని సంచిల ఏస్కుంట. కూరగాయలు జోకే ముందు "అన్నా, గిది జర పెట్టు" అని ఆ ప్యాకెట్ కాంట మీద పెడ్త. కిలో కంటే బాగ ఎక్కువ చూపిస్తే ఇంకేం మాట్లాడకుండ ముందుకు పోత. ఖాళీ కాంట మీద సున్నా ఉందా లేదా అన్నది కూడా చూడుర్రి. గిన్నె పెట్టినంక సున్నా చెయ్యకుండ జోకితే గిన్నె బరువుకు కూడా మనమే పైసలు కడ్తం.

బియ్యం లెక్క 2025 ఉగాది తర్వాత మారింది. హుజూర్‌నగర్‌ల సన్నబియ్యం పథకం మొదలైనంక రేషన్ దుకాణంల మనిషికి 6 కిలోల లెక్కన మా ఐదుగురికి 30 కిలోలొస్తున్నయి. ముందు దొడ్డుబియ్యం వచ్చినప్పుడు ఇంట్ల తినేటోళ్లు తక్కువ. ఇప్పుడు తింటున్నం. కొత్త బియ్యం కాబట్టి నీళ్లు తగ్గించి పొయ్యాలె, లేకపోతే ముద్దయితది. మిగిలినవి బియ్యం దుకాణంల కొంట. మిర్యాలగూడ మిల్లులు దగ్గర్లనే ఉన్నయి గనుక రకాలకు కొదువ లేదు. వానకాలం వడ్లు నవంబర్, డిసెంబర్ల మిల్లుకొస్తయి, ఆ బియ్యం సంక్రాంతికి వండితే మెతుకు మెతుకు అంటుకుంటది. అందుకే కిందటేటివి ఉన్నయా అని అడిగి తెచ్చుకుంట. దుకాణపాయన గుప్పిట్ల పోస్తే ఒక గింజ పంటి కింద పెడ్త. టక్కుమని విరిగితే పాతవి.

బియ్యం సంచి 26 కిలోలు ఎందుకైందో చానా మందికి తెల్వదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకంటే తక్కువున్న లేబుల్ సంచుల మీద 5 శాతం జీఎస్టీ పడింది. 25 దాటితే లేదు. ఇంకేముంది, సంచి ఒక కిలో బలిసింది! కాబట్టి రెండు దుకాణాల రేటు పోల్చేటప్పుడు సంచి రేటు కాదు, కిలో రేటు చూడాలె. ఒకడు 25ది చెప్తడు, ఒకడు 26ది చెప్తడు.

అత్తమ్మకు షుగర్ ఉంది. ఆమెకోసం ఆర్‌ఎన్‌ఆర్ 15048 వేరుగ తెస్త. తెలంగాణ సోన అంటరు, వ్యవసాయ యూనివర్సిటోళ్లు తీసిన రకం. ఇది షుగర్ బియ్యమని ఎవరో చెప్పినప్పటి నుంచి ఆమె ఇంకో గంటెడు ఎక్కువే తింటుంది. బియ్యం మారిస్తే సరిపోదు, అన్నం తగ్గియ్యాలె అని డాక్టర్ మొత్తుకున్నా ఇనదు.

సబ్బులు, సర్ఫ్, పేస్టు, బిస్కెట్లు, ఫినాయిలు సూపర్ మార్కెట్ల. జీతాలు పడ్డ మొదటి ఆదివారం మాత్రం పోవద్దు, బిల్లు వరుసలనే పొద్దుగూకుతది. అక్కడ నేను జాగ్రత్త పడేది నూనె కాడ. లీటరు నూనె అంటే 910 గ్రాములు. పక్కన్నే అదే బొమ్మతోటి, అదే రంగుల 850 గ్రాముల ప్యాకెట్ కూడా ఉంటది. లీటరుది 150, చిన్నది 143 అనుకోండి. ఏడు రూపాయలు తక్కువ కదా అని చెయ్యి చిన్నదాని మీదికే పోతది. కిలో లెక్క తీస్తే పెద్దది 165, చిన్నది 168. గ్రాముకు ఎంత అన్నది ప్యాకెట్ మీద సన్న అక్షరాలల్ల రాసే ఉంటది, కానీ అది ఎమ్మార్పీ లెక్క. దుకాణపోళ్లు తగ్గించి అమ్మే రేటుకు మనమే ఫోన్ల లెక్క తియ్యాలె. నేను అట్ల లెక్క తీస్తుంటే మా చిన్నోడు సిగ్గుతోని నాలుగడుగుల దూరంల నిలబడ్తడు.

కూరగాయలకు రైతుబజారు. బోర్డు మీద రేట్లుంటయి, బేరమాడే తిప్పలుండదు. ఆకుకూరలకైతే పొద్దున్నే పోవాలె. నిమ్మకాయలు మాత్రం మా తల్లిగారి దిక్కు నుంచి ఎవరొస్తే వాళ్లతోని తెప్పిస్త. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్ వాళ్లకు దగ్గర. ఎండుమిరపకాయలు మార్చిల కొని, తొడిమెలు తీసి, ఎండబెట్టి గిర్నిల పట్టిస్త. ఏడాదికి సరిపోతది.

ఇన్ని చెప్పిన గానీ పల్లినూనె మాత్రం ఎక్కడ కొనాల్నో నాకు ఇంకా తేలలేదు. గానుగ నూనె అని సీసాలల్ల అమ్ముతున్నరు, రేటు ప్యాకెట్ నూనె కంటే చానా ఎక్కువ. గానుగల ఏం పోసిండ్రో మనం చూడలే. చూసి కొనాల్సిన వస్తువే, కానీ నూనెల చూసేదేముంటది? వాసన చూస్తం, అంతే. వనపర్తి, అచ్చంపేట దిక్కు యాసంగి పల్లి బాగ పండుతది. అక్కడి పల్లీలు తెప్పించి మన కండ్ల ముందే గానుగ పట్టించుకోమంటది మా పక్కింటి వదిన. పల్లిపప్పు రెండున్నర కిలోలు పోస్తే దగ్గర దగ్గర కిలో నూనె దిగుతదట. చెక్క మనకే ఇస్తరు, మా తల్లిగారింట్ల బర్రెకు పెట్టుకుంటరు. పల్లీల రేటు, గానుగ కూలి, బస్సుల సంచికి లగేజీ టికెట్ అన్నీ కాయితం మీద రాసి చూసిన. సీసా నూనెకు దీనికి పెద్ద తేడా రాలే. మా ఆయన ఆ కాయితం చూసి, నీ తిరుగుడు కూలి ఏదీ, అది కూడా రాయి అన్నడు. రాయలే. యాసంగి పల్లి మార్కెట్‌కు రాంగనే పది కిలోలు తెప్పిస్త, ఒక్కసారి పట్టించి చూస్త.