కర్నాడ్ నాటకం, మన రిహార్సల్ హాలు

మన రంగస్థల విభాగంలో నేను చదివే రోజుల్లో, కన్నడ నాటకకర్త గిరీశ్ కర్నాడ్ ‘తుగ్లక్’ని సార్ పాఠంలా చెప్పలేదు. కుర్చీలన్నీ గోడవారకు జరిపించి, హాలు మధ్యలో అడ్డంగా ఒక దుప్పటి కట్టించారు. “ఇది ముందు తెర. కొన్ని సీన్లు దీని ముందు, కొన్ని దీని వెనక” అన్నారు. నాకు ఆజం వేషం వచ్చింది.

పాత పార్సీ నాటక సమాజాల పద్ధతి అది. లోపల దర్బారు సెట్టు సర్దుతున్నంతసేపూ తెర ముందు హాస్యగాళ్లు జనాన్ని కూర్చోబెట్టాలి. సురభి నాటకాలు చూసిన మనకిదేమీ కొత్త కాదు. కర్నాడ్ 1964లో ఆ చట్రాన్నే తీసుకున్నారు. లోపలి సీన్లు ఢిల్లీ సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్‌వి, తెర ముందువి అజీజ్, అతని తోడుదొంగ ఆజంలవి. అజీజ్ ధోబీ. బ్రాహ్మడి వేషం కట్టి సుల్తాను మీదే దావా గెలుస్తాడు, అయిదు వందల వెండి దీనారాలూ కొలువూ కొట్టేస్తాడు. సుల్తాను రాగి నాణేలు తెస్తే దొంగ నాణేలు పోతపోస్తాడు. ఆయన తలపెట్టిన ప్రతి మంచిపనీ వీడికి బతుకుతెరువే. చివరికి దర్బారులో సుల్తానుకు ఎదురుగా నిలబడతాడు. ఆ సీను దగ్గర సార్ “ఇక తెర లాగేయండి” అన్నారు. దుప్పటి తీసేశాం. తెర ముందువాడికీ లోపలివాడికీ మధ్య అడ్డు పోయింది. నాటకం కట్టుబడిలోనే అర్థం ఉంటుందని నాకు తెలిసింది అప్పుడే. నెహ్రూ కాలపు ఆశలు చెదరడం ఈ నాటకంలో చాలామందికి కనిపించింది. దాన్ని రాసేనాటికి కర్నాడ్‌కు ఇరవై ఆరేళ్లు!

ఆయన 1938లో మాథేరాన్‌లో పుట్టారు. పెరిగింది కర్ణాటకలోని శిరసి, ధార్వాడల్లో. ఆ ధార్వాడ నాటక సమాజం వాళ్లే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మన ఊళ్లకొచ్చి ఆడితే, తెలుగువాళ్లకు నాటకం మీద మోజు పుట్టింది. ఆ రుణం మనం తరచుగా మరిచిపోతాం. కర్నాడ్ డిగ్రీ గణితంలో. ఇంగ్లీషు కవి కావాలని కలలు కన్న కుర్రాడు, రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌కు బయల్దేరే రోజుల్లో, తనకే ఆశ్చర్యం కలిగేలా కన్నడంలో ‘యయాతి’ రాశారు. తండ్రి కోసం కొడుకు యవ్వనం వదులుకోవడమనే ఆ కథ, ఇల్లు విడిచి వెళ్తున్నవాడికి ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో!

తిరిగొచ్చాక మద్రాసులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఉద్యోగం, ఆ తర్వాత సినిమాలు. మన ప్రేక్షకులకు ‘ఆనంద భైరవి’తో ఆప్తులయ్యారు. సినిమాల గురించి ఇంకెవరైనా రాస్తారు. నాకు ముఖ్యం అనిపించేది, అన్ని పనుల మధ్యా ఆయన నాటకాన్ని వదలకపోవడం. యక్షగానం పోకడలతో ‘హయవదన’, కవి, జానపద కథల పరిశోధకుడు ఎ.కె. రామానుజన్ నోట విన్న జానపద కథలతో ‘నాగమండల’. 1998లో జ్ఞానపీఠం వచ్చింది. 2019 జూన్‌లో బెంగళూరులో కన్నుమూశారు.

ఇప్పుడు చదువుతున్న పిల్లలకు ఒక్క మాట. ‘తుగ్లక్’ చాలామంది వేస్తారు, మీరు కర్నాడ్‌దే ‘తలెదండ’ వేయండి. పన్నెండో శతాబ్దపు కల్యాణ పట్టణంలో బసవన్న అనుచరులైన శరణులు బ్రాహ్మణ అమ్మాయికీ, చెప్పులు కుట్టే ఇంటి అబ్బాయికీ పెళ్లి చేయడం, దానికి ఊరు రగిలిపోవడం అందులో కథ. అయోధ్య మందిరం, మండల్ రిజర్వేషన్ల ఆందోళనలు ముదురుతున్న రోజుల్లో రాశారు. పాల్కురికి సోమన చెప్పిన బసవన్న మనకు కొత్తవాడు కాడు. పాత్రలు చాలా ఎక్కువ, కాబట్టి జూనియర్లను కూడా కలుపుకోండి. దుస్తుల ఖర్చుకు మా బ్యాచ్ వాళ్లం చందా వేసుకుంటాం.