అనంతపురంలో నీడ ఎన్ని గంటలకు మాయమవుతుంది?

ఫోన్లో చక్కర్లు కొట్టే పజిల్స్ అంటే నాకు చిరాకు. మూడు మామిడిపళ్ళు కలిపితే ముప్పై, ఒక మామిడిపండూ ఒక అరటిగెలా కలిపితే ఇంత, కింద "నూటికి తొంభై తొమ్మిది మంది తప్పు చెప్తారు" అని ఒక బెదిరింపు. తీరా చూస్తే ఆఖరి బొమ్మలో గెలకు ఒక కాయ తక్కువ గీసి ఉంటారు, అదీ కిటుకు. అది కంటిపరీక్ష, లెక్క కాదు. సాయంత్రాలు మా ఇంటికి లెక్కలు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు నేనిచ్చేవి వేరే రకం. జవాబు కరెక్టా కాదా అని నన్ను అడిగే పని లేకుండా వాళ్ళే కొలిచి చూసుకోగలగాలి, అంతే నా షరతు. మన ఊళ్ళో అట్లాంటివి కావలసినన్ని దొరుకుతాయి.

చెనిక్కాయలు వంద కిలోలున్నాయి, అందులో తేమ 20 శాతం. బాగా ఎండబోస్తే తేమ 10 శాతానికి దిగింది. ఇప్పుడు బరువెంత? తొంభై అంటారు దాదాపు అందరూ. ఎండకు పోయేది నీళ్ళే, కాయ ఎక్కడికీ పోదు. మొదట్లో నీళ్ళు కాని బరువు 80 కిలోలు, ఎండిన తర్వాతా అదే 80. కాకపోతే ఇప్పుడది మొత్తంలో 90 శాతం. అంటే మొత్తం 88.9 కిలోలు. కిలో తేడాకు ఇంత గోల ఎందుకన్నా అన్నాడు ఒకడు. వాడికి ఇంకోటి ఇచ్చాను: వంద కిలోల పండ్లలో 99 శాతం నీళ్ళే ఉన్నాయనుకో (నిజంగా పుచ్చకాయలో కూడా అంత ఉండదు, లెక్క కోసం అనుకుందాం), ఆరి ఆరి 98 శాతానికి వచ్చాయి. బరువు? యాభై కిలోలు! వాడు నమ్మలేదు, పేపర్ మీద వేసి చూసి కాసేపు మాట్లాడలేదు. వెనకాల కూర్చున్న అమ్మాయి మాత్రం "మా నాయన కాటా దగ్గర రోజూ ఈ గొడవే పడతాడు" అంది. శాతం అనగానే దేంట్లో శాతం అని అడగాలని ఆ పిల్లకు ఇంట్లోనే తెలిసిపోయింది.

వాన లెక్క ఇంకా సులభం, కానీ జవాబు వినగానే పెద్దవాళ్ళు కూడా ఆగిపోతారు. పేపర్లో "25 మిల్లీమీటర్ల వర్షం" అని వేస్తారు కదా, ఒక ఎకరా మీద అన్ని మిల్లీమీటర్లు పడితే ఎన్ని ట్యాంకర్ల నీళ్ళు? చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు, ఈ ఒక్కటి గుర్తుంటే చాలు. ఎకరాకు 4,047 చదరపు మీటర్లు, ఇంటూ 25, లక్ష లీటర్లు దాటింది. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే ఇరవై. మన జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, రాష్ట్రంలోనే తక్కువ. అయినా ఎకరాకు 22 లక్షల లీటర్లు. అన్ని నీళ్ళు పడీ వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు లైన్లో పెడుతున్నామంటే అవన్నీ ఎటుపోయాయన్నది అసలు పజిల్, దానికి సగం జవాబు ఎండ, సగం జవాబు మనం. సరే, అది వేరే పోస్టు. ఈసారి వాన వచ్చేటప్పుడు మిద్దె మీద నిలువు గోడలున్న రెండు పాత్రలు పెట్టండి, ఒకటి వెడల్పాటి డబ్బా, ఒకటి సన్న గ్లాసు. వాన ఆగాక స్కేలు పెట్టి కొలిస్తే ఏ దాంట్లో నీళ్ళు ఎక్కువ ఎత్తుంటాయో ముందే రాసిపెట్టుకొని అప్పుడు కొలవండి.

ఇప్పుడు టైటిల్ సంగతి. మన దగ్గర ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అనంతపురం అక్షాంశం 14.68 డిగ్రీలు కాబట్టి ఒకటి ఏప్రిల్ 29, 30 ప్రాంతంలో, రెండోది ఆగస్టు 13 ప్రాంతంలో. ఆగస్టులో మబ్బు పట్టొచ్చు, ఏప్రిల్‌ను నమ్ముకోవడం మేలు. ఆ రోజు నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఎన్ని గంటలకు? పన్నెండుకు అని పరిగెత్తుకొచ్చిన వాళ్ళకు నీడ కనిపిస్తుంది. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి, ఆ గీత మన రాష్ట్రంలో కాకినాడ వైపు ఉంది. మనం 77.6 దగ్గర. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మన నెత్తి మీదికి వచ్చేసరికి దాదాపు ఇరవై నిమిషాలు ఆలస్యం. ఏప్రిల్ చివర్లో సూర్యుడు గడియారం కంటే రెండు మూడు నిమిషాలు ముందుంటాడు కాబట్టి అది తీసేస్తే 12:17.

అదే రోజు కర్నూలులో మీ ఫ్రెండో పిన్ని కొడుకో ఉంటే ఫోన్ చేయండి. అక్కడ అక్షాంశం 15.83, అంటే సూర్యుడు నెత్తికి కాస్త దక్షిణంగా ఉంటాడు, మీటరు కర్రకు ఉత్తరం వైపు రెండు సెంటీమీటర్ల నీడ పడుతుంది. ఆ రెండు సెంటీమీటర్లు 1.15 డిగ్రీల కోణం. 360లో అది 313వ వంతు. భూమి గుండ్రం కాబట్టి రెండు ఊళ్ళ మధ్య దూరం కూడా భూమి చుట్టుకొలతలో 313వ వంతే. అనంతపురం నుంచి కర్నూలుకు నేరుగా ఉత్తర దిక్కుగా లెక్కేస్తే సుమారు 128 కిలోమీటర్లు (బస్సు టికెట్ మీది దూరం పనికిరాదు, రోడ్డు వంకరలు పోతుంది). 128 ఇంటూ 313, నలభై వేల కిలోమీటర్ల పైచిలుకు. భూమి చుట్టుకొలత అది! క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో సైయీన్, అలెగ్జాండ్రియా ఊళ్ళ మధ్య చేసింది ఇదే, ఆయనకు వచ్చిన కోణం పూర్తి చుట్టులో యాభయ్యో వంతు.

తెలివైన పిల్లలు ఇక్కడ పట్టుకుంటారు: ఆ 128 ఫోన్ మ్యాప్‌లో చూశారు కదా, ఆ మ్యాప్‌కు భూమి సైజు ముందే తెలుసు కదా, ఇది దొంగలెక్క కాదా అని. న్యాయమైన ప్రశ్న. దూరాన్ని నేల మీద కొలిచిన వాళ్ళున్నారు, అదీ మన పక్కనే. 1802లో మద్రాసు దగ్గర సర్వే మొదలుపెట్టిన బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్, 1811లో గుత్తి దగ్గర నేల మీద ఉక్కు గొలుసు పరిచి ఒక గీత కొలిపించాడు. అట్లాంటి గీతల నుంచి త్రిభుజం మీద త్రిభుజం కట్టుకుంటూ ఉత్తరానికి పోయారు. వాళ్ళు వెతికిందీ భూమి ఆకారం, కొలతే. హైవే మీద గుత్తి దాటేటప్పుడు అందరూ కోట చూస్తారు, గొలుసు సంగతి ఎవరూ చెప్పరు.

ఒక చిక్కుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్ళెం, అందుకని మీటరు కర్ర నీడ అంచు సెంటీమీటరు దాకా మసకబారుతుంది. రెండు సెంటీమీటర్ల నీడలో అంత మసక అంటే కొలత ఏమాత్రం కుదరదు, ముప్పై వేలూ రావచ్చు, యాభై వేలూ రావచ్చు. ఆ మసకను తగ్గించలేం, నీడను పెంచుకోవచ్చు: కర్నూలు బదులు ఆదిలాబాద్‌లో ఎవరైనా దొరికితే నీడ దాదాపు 8.7 సెంటీమీటర్లు వస్తుంది, మసక మాత్రం అంతే ఉంటుంది. కర్ర నిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూసుకోండి, పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా రెండు నిమిషాలకోసారి నీడ చివర సున్నంతో చుక్క పెట్టి అన్నిటికంటే చిన్నదాన్ని కొలవండి. ఎవరి ఊళ్ళో వాళ్ళ చిన్న నీడే లెక్క, ఇద్దరూ ఒకే నిమిషంలో కొలవాల్సిన పని లేదు.

ఇది చేసినవాళ్ళకు మరొకటి. ఏప్రిల్‌లో 12:17కు మాయమైన నీడ ఆగస్టులో 12:24కు మాయమవుతుంది. ఊరు అదే, కర్ర అదే, రెండు రోజులూ సూర్యుడు నడినెత్తినే ఉన్నాడు. ఆ ఏడు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి? భూమి సూర్యుడి చుట్టూ గుండ్రంగా తిరగడం లేదన్నది జవాబులో ఒక ముక్క. రెండో ముక్క మీరు చెప్పండి.