ఊళ్లో ఉండి ఎంసెట్ రాసిన ఏడాది

మా తెలంగాణలో ఇంటర్ ఎంపీసీ సెకండియర్ పిల్లలకు జనవరిలో జేఈఈ మెయిన్ (ఎన్ఐటీల్లాంటి కేంద్ర ఇంజనీరింగ్ కాలేజీల ప్రవేశ పరీక్ష) మొదటి విడత, ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, మార్చిలో బోర్డు పరీక్షలు, ఏప్రిల్లో జేఈఈ రెండో విడత, ఆ వెంటనే రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కాలేజీల కోసం ఎంసెట్. ఒకటి అయ్యిందనుకునేలోగా ఇంకోటి వచ్చి మీద పడుతుంది. 2025లో నేను ఇవన్నీ రాశాను. ఎంసెట్‌కు అప్పటికే ఈఏపీసెట్ అని పేరు మార్చారు గానీ మా ఊళ్లో, కాలేజీలో, బస్సులో అందరూ ఎంసెట్ అనే అంటారు. నేనూ అట్లనే రాస్తాను.

మాది పరకాల దగ్గరి ఊరు. చదివింది సర్కారు జూనియర్ కాలేజీలో, తెలుగు మీడియం. హన్మకొండలో హాస్టల్లో పెట్టి పెద్ద కాలేజీలో చదివించే స్థోమత మా ఇంట్లో లేదు. అక్కడి పిల్లలకు ఏ నెలలో ఏం చేయాలో చెప్పే మనుషులు ఉంటారు. మాలాంటోళ్లకు ఆ ముక్కలు తలా ఒకరి నోట వినబడతాయి, అదీ గడువు దాటాక. అందుకే నాకు తెలిసింది ఒక్కచోట పెడుతున్నాను.

ముందు అర్థం చేసుకోవాల్సింది, మూడు పరీక్షలకూ పాఠాలు దాదాపు అవే అయినా రాసే తీరు పూర్తిగా వేరు. బోర్డులో మ్యాథ్స్ పేపర్ 75 మార్కులకు. ఏడు మార్కుల లెక్కకు స్టెప్పు స్టెప్పుకూ మార్కులుంటాయి, నిదానంగా నీటుగా రాయాలి. జేఈఈ మెయిన్‌లో మూడు గంటలకు 75 ప్రశ్నలు. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. ఎంసెట్‌లో అదే మూడు గంటలకు 160 బిట్లు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. బిట్టుకు నిమిషం పైన కొన్ని సెకన్లే. తప్పుకు కోత లేదు. మా ఫిజిక్స్ సారు దీన్ని ఒక్క ముక్కలో చెప్పేవారు: "జేఈఈల తెల్వంది ముట్టుకోవద్దు, ఎంసెట్ల తెల్వంది ఇడిసిపెట్టొద్దు." వినడానికి తేలికే. కానీ ఆర్నెల్లు బోర్డు కోసం నిదానంగా రాసిన చెయ్యి ఒక్కసారిగా నిమిషానికో బిట్టు చేయలేదు. ఆ చెయ్యిని మార్చుకోవడమే ఆ ఏడాది నేను చేసిన అసలు పని.

బోర్డు సంగతి. ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. 2023లో దాన్ని పూర్తిగా తీసేశారు. దాంతో చాలామంది "ఇంటర్ పాసైతే చాలు" అంటున్నారు. ఈ మాటను నేను ఒప్పుకోను. ఎన్ఐటీలో సీటు కావాలంటే ఇంటర్లో 75 శాతమో, బోర్డులో టాప్ 20 పర్సంటైలో కావాలి, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు కొంత సడలింపు ఉంది. అది ఒక కారణం. నాకు దానికన్నా పెద్ద కారణం ఇంకోటి. మ్యాథ్స్ పేపర్‌లో రెండు మార్కుల ప్రశ్నలు పది ఉంటాయి కదా, అలాంటి చిన్న లెక్కలే నాలుగు ఆప్షన్లతో ఎంసెట్‌లో బిట్లవుతాయి. నేను సెకండియర్ మ్యాథ్స్ పుస్తకాలు 2ఏ, 2బీ చదువుతున్నప్పుడే ప్రతి చాప్టర్ వెనక ఉన్న రెండు మార్కుల లెక్కలను గడియారం పక్కన పెట్టుకుని చేసేదాన్ని. కెమిస్ట్రీకైతే తెలుగు అకాడమీ పుస్తకమే ఆధారం. ముఖ్యంగా మూలకాల పాఠాలు పట్టికలతో సహా లైను లైను చదివాను. కోచింగ్ లేని పిల్లలకు చేతిలో ఉన్న ఆస్తి ఆ పుస్తకాలే. వాటిని వదిలేసి ఎవరో ఇచ్చిన జిరాక్స్ మెటీరియల్ వెంట పడితే రెండూ చెడతాయి.

ఫస్టియర్‌ను మరిచిపోవద్దు. ఎంసెట్ సిలబస్‌లో రెండేళ్ల పాఠాలూ ఉంటాయి. ఫస్టియర్ మ్యాథ్స్ 1ఏలో మాత్రికలు, సదిశలు, త్రికోణమితి, 1బీలో సరళరేఖలు, అవకలనాలు సెకండియర్ చదువు హడావుడిలో చేజారిపోతాయి. దసరా సెలవుల నుంచే పొద్దున సెకండియర్, రాత్రి తిన్నాక ఫస్టియర్ అని పెట్టుకున్నాను. ఫార్ములాలన్నీ ఒక పొడుగు నోట్సులో రాసి బస్సులో పోతూ వస్తూ చూసుకునేదాన్ని.

మా దిక్కు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి ఏరే కాలం. ఇంటిల్లిపాదీ చేనుకు పోవాల్సిందే. కూలీలు దొరకరు, దొరికినా కూలి ఎక్కువ. నేనూ ప్రతి ఏడూ పోయేదాన్ని. ఆ ఏడు మా బాపు, "నువ్వు చేన్లకు రాకు బిడ్డా, పరీక్షలైనంక సూసుకుందాం" అన్నడు. నా వంతు చాళ్లు కూడా అమ్మే ఏరింది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని బిట్లు చేసిన ఆ పగళ్లు వాళ్లు నాకు కొనిచ్చినవి. మార్కెట్‌లో రేటు పడిపోయిన రోజుల్లో కూడా 900 రూపాయల ఎంసెట్ ఫీజు గురించి ఇంట్లో ఒక్క మాట రాలేదు.

ఇక కంప్యూటర్. ఎంసెట్, జేఈఈ రెండూ కంప్యూటర్ మీదే. ఊరి పిల్లలకు ఇదొక భయం. ఫోన్‌లో మాక్ టెస్టులు రాస్తే ఆ భయం పోదు. పెద్ద తెర మీద ప్రశ్న చదివి, తల దించి కాగితం మీద లెక్క చేసి, మళ్లీ తల ఎత్తి మౌస్‌తో ఆప్షన్ నొక్కడం అలవాటు కావాలి. ఎంసెట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా మాక్ టెస్ట్ ఉంటుంది. పరకాలలో నెట్ సెంటర్‌కు పోయి దాన్ని పూర్తి మూడు గంటలు కూర్చుని రాసేదాన్ని. జనవరి జేఈఈ కూడా నాకు ఇందుకే ఎక్కువ పనికొచ్చింది. ఎన్ఐటీకి సరిపోయే పర్సంటైల్ రాలేదు. కానీ హాల్లో కూర్చోవడం, చేసినవి పచ్చగా వదిలినవి ఎర్రగా కనిపించే ఆ ప్రశ్నల గళ్లు చూసుకోవడం, ముందుకూ వెనక్కూ పోవడం అన్నీ అక్కడే చేతికొచ్చాయి. ఎన్ఐటీ రాదనుకున్న పిల్లలు కూడా జేఈఈ రాయాలని నేను చెప్పేది అందుకే. తెలుగు మీడియం వాళ్లు భయపడక్కర్లేదు. జేఈఈ దరఖాస్తులో భాష దగ్గర తెలుగు పెట్టుకుంటే ప్రశ్న తెలుగులోనూ వస్తుంది. ఎంసెట్‌లో ఇంగ్లిష్, తెలుగు రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. అనుమానం వస్తే ఇంగ్లిష్‌లోనిదే ప్రమాణం కాబట్టి, లెక్కల్లో వాడే ఇంగ్లిష్ మాటలు ముందే నేర్చుకోవడం మంచిది.

పరీక్షకు వారం ముందు మా పెద్దనాన్న బిడ్డ పెళ్లయింది. అందరూ చేతులకు మెహందీ పెట్టుకున్నారు, నేను పెట్టుకోలేదు. సెంటర్లో వేలిముద్ర తీసుకుంటారు, మెహందీ ఉంటే పడకపోవచ్చని హాల్ టికెట్ వెనక సూచనల్లోనే ఉంది. ఆ సూచనలు ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి, అప్పుడు ఎవరూ బలవంతపెట్టరు. నాది పొద్దున 9 గంటల సెషన్. సెంటర్ వరంగల్ అవతల నర్సంపేట రోడ్డు వైపున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ. ఒక్క నిమిషం లేటైనా రానివ్వరు కాబట్టి ముందు రోజే హన్మకొండలో మేనత్త ఇంటికి వచ్చి పడుకున్నాను. అదే సాయంత్రం మామయ్య బండి మీద తీసుకుపోయి సెంటర్ చూపించాడు.

హాల్లో కెమిస్ట్రీతో మొదలుపెట్టాను. తెలిస్తే తెలుస్తుంది, లేకుంటే లేదు, అక్కడ ఆలోచించి లాభం లేదు. దాని తర్వాత ఫిజిక్స్. మ్యాథ్స్‌కు గంటా నలభై నిమిషాలకు తక్కువ కాకుండా మిగుల్చుకున్నాను. పొడుగు లెక్క కనబడగానే మార్క్ చేసి ముందుకు పోయాను. ఆఖరి ఐదు నిమిషాలు కొత్త లెక్క ముట్టుకోకుండా మిగిలిన బిట్లన్నింటికీ ఏదో ఒక ఆప్షన్ పెట్టాను. బయటికొచ్చాక వేరే సెషన్ వాళ్లతో మార్కులు పోల్చుకోవడం వృథా. సెషన్ సెషన్‌కూ పేపర్ మారుతుంది, పేపర్ల కష్టంలో తేడాను సరిచేసే నార్మలైజేషన్ చేశాకే ర్యాంకు ఇస్తారు. నా ర్యాంకు పాతిక వేల లోపు వచ్చింది.

పరీక్ష అయ్యాక కాగితాల పని ఉంటుంది. దీన్ని చిన్నచూపు చూడొద్దు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా బోనఫైడ్లు (అక్కడ చదివామని బడి, కాలేజీ ఇచ్చే పత్రాలు), టీసీ, కుల ధ్రువపత్రం, ఆదాయం సర్టిఫికెట్ అన్నీ కౌన్సెలింగ్‌లో చూస్తారు. ఆదాయం సర్టిఫికెట్ ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసిందై ఉండాలి, పాతది చెల్లదు. బోనఫైడ్ల దగ్గర చాలామంది చిక్కుకుంటారు. ఏప్రిల్ ఆఖరు వారంలో హైస్కూళ్లు మూస్తే మళ్లీ తెరిచేది జూన్ 12 నాడు. మా ఫిజిక్స్ సారు మార్చిలోనే చెప్పడం వల్ల నేను బడి ఉండగానే తెచ్చుకున్నాను. మా క్లాసు పిల్లలు కొందరు ఎండల్లో హెడ్మాస్టర్ల ఇళ్లు వెతుక్కుంటూ తిరిగారు.

వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచిల వరుస ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు ఫీజు చూడాలి. మాది బీసీ కుటుంబం. పది వేల లోపు ర్యాంకు వస్తే ప్రభుత్వం ఫీజు మొత్తం కడుతుంది, దాటితే బీసీలకు ఏడాదికి 35 వేల దాకే. ఫీజు లక్ష ఉన్న కాలేజీలో చేరితే మిగతా 65 వేలు ఇంట్లోవాళ్లే కట్టాలి, అదీ నాలుగేళ్లు. కంప్యూటర్ సైన్స్ అయితే చాలు ఎక్కడైనా సరే అని పేరు తెలియని కాలేజీలు వరుసగా పెట్టడం నాకు నచ్చలేదు. దగ్గరున్నవి, ఫీజు తక్కువవి, ల్యాబులు బాగున్నవి ముందు పెట్టాను. మా ఏడాది, పెట్టిన వరుసకు సీటు ఎక్కడ రావొచ్చో ముందే చూపించే మాక్ అలాట్‌మెంట్ కూడా ఇచ్చారు. అది చూసి వరుస కొంచెం మార్చుకున్నాను. మొదటి విడతలోనే హన్మకొండలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) వచ్చింది.

ఇప్పుడు మా వాడకట్టులో ఇద్దరు సెకండియర్‌లో ఉన్నారు. నా 1ఏ, 1బీ నోట్సులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆదివారం ఊరికి పోయినప్పుడల్లా ఇద్దరినీ కూర్చోబెట్టి, గడియారం ముందు పెట్టి 160 బిట్లు చేయిస్తున్నాను. బోనఫైడ్ల సంగతి కూడా ఇప్పటికే చెవిన వేశాను.