నడుము కొలత, సీటు కొలత

మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకుని ఇరవై ఏళ్లకు పైగా బట్టలు కుడుతున్న పిన్నిగారి దగ్గర పాత కొలతల పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. మేమంతా ఆది జాకెట్టు ఇచ్చి వచ్చేవాళ్లమే గనుక ఆమె టేపు పట్టుకోవలసిన అవసరం అరుదుగా వస్తుంది. 2024లో శ్రావణమాసానికి ముందు, మా అమ్మాయి బలవంతం మీద ఒక చుడీదారు కుట్టించుకుందామని వెళ్లినప్పుడు, చాలా ఏళ్ల తరవాత ఆమె నాకు కొత్తగా కొలతలు తీసుకున్నారు. నడుము 34, సీటు 37 అంగుళాలు అని రాసుకుని, ఏదో గుర్తుకు వచ్చినట్టు అరలోంచి ఒక పాత పుస్తకం తీసి, 2009లో నాకు కుట్టినప్పటి పేజీ వెతికి చూపించారు. అందులో నడుము 28, సీటు 37 అని ఉంది. తుంటి చుట్టుకొలతను టైలర్లు సీటు అంటారు. "సీటు అట్లాగే ఉందమ్మా, నడుమే ఆరంగుళాలు పెరిగింది" అన్నారు ఆమె, కొత్త పేజీలో నా పేరు రాసుకుంటూ.

ఆ మాట నేను తేలిగ్గా తీసుకునేదాన్నే కానీ, అదే నెలలో చేయించుకున్న రక్తపరీక్షలో పరగడుపు షుగరు 112, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) 190 వచ్చాయి. అంతకు రెండేళ్ల ముందు ఒక ఆరోగ్య శిబిరంలో నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు అని రాసి, బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, 22.5 అని లెక్కగట్టి, "మీకు ఏ ఇబ్బందీ లేదమ్మా" అని చెప్పి పంపించారు. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన వైద్యులు పెట్టుకున్న హద్దు ప్రకారం చూసినా నేను సరైన బరువులోనే ఉన్నాను. నలభై ఆరేళ్ల వయసులో బరువు సరిగ్గా ఉండి, షుగరు హద్దు ఎందుకు దాటిందో నాకు అర్థం కాలేదు. రిపోర్టు చూసిన డాక్టరుగారు సొరుగులోంచి టేపు తీసి నా నడుము కొలిచి 86 సెంటీమీటర్లు అని చెప్పినప్పుడు, పిన్నిగారి పుస్తకంలోని 34 అంగుళాలే సెంటీమీటర్లలో నా ముందుకు వచ్చాయని తెలిసింది.

నడుము ఆరంగుళాలు పెరుగుతుంటే నాకు తెలియకుండా ఎలా పోయిందని చాలా రోజులు ఆలోచించాను. ప్యాంటు వేసుకునే మగవారికి బెల్టు రంధ్రం మారినప్పుడల్లా సంగతి తెలుస్తుంది. చీర కట్టుకునే మనకు ఆ హెచ్చరిక లేదు. లంగా బొందు ఎంత నడుముకైనా సర్దుకుంటుంది, చీర కుచ్చిళ్లలో ఒకటి తగ్గితే ఎవరూ లెక్కపెట్టరు. జాకెట్టు పక్కల టైలరు ముందుచూపుతో నాలుగు వరుసల కుట్లు వేసి ఇస్తుంది, బిగుతు అనిపించినప్పుడు ఒక వరుస విప్పుకుంటాం. నా బీరువాలోని పెళ్లినాటి జాకెట్లు తీసి చూస్తే, విప్పిన కుట్ల గుర్తులు చిన్న చిన్న సూది రంధ్రాలుగా వరుసలు కట్టి ఉన్నాయి. ఇంట్లో వేసుకునే నైటీ సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా పిల్లలు పుట్టాక పొట్ట రావడం మామూలే అన్న మాట మన ఇళ్లలో ఎంత స్థిరపడిపోయిందంటే, దాని గురించి అడగడమే అందం మీద మోజుగా కనిపిస్తుంది. బాలింతకు నడికట్టు కట్టే మన ఆచారం సాగిన పొట్టకు కొంత ఊతమిస్తుందేమో గానీ, లోపల పేరుకునే కొవ్వును అది తగ్గించలేదు.

బరువును ఎత్తుతో పోల్చే సూత్రాన్ని పందొమ్మిదో శతాబ్దపు బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెట్లే జనసమూహాల సగటు మనిషిని వర్ణించడానికి తయారుచేశాడు. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరును 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ స్థిరపరిచాడు. ఒక మనిషి ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ ఉంది అన్న మూడు ప్రశ్నలలో ఒక్కదానికీ ఈ సూత్రం జవాబు చెప్పదు. ఇది మనవాళ్లకు ఎంత ముఖ్యమో పుణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటో వేసి చూపించారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉండగా, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం ఉంది. చూడటానికి సన్నగా ఉండి లోపల కొవ్వు ఎక్కువగా ఉండే ఈ తీరు తల్లి కడుపులోనే మొదలవుతుందని, తక్కువ బరువుతో పుట్టిన మన పసిపిల్లల్లో కండ తక్కువగా ఉన్నా కొవ్వు అంతగా తగ్గదని యాజ్ఞిక్ బృందం పుణే పరిసర గ్రామాల తల్లులు, శిశువులపై చేసిన అధ్యయనంలో గమనించింది. సన్నగా ఉన్నాం కదా అన్న ధీమా మనలో ఎందరికి ఉందో తలచుకుంటే నాకు ఆందోళన కలుగుతుంది.

కొవ్వు ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యమని మొదట గట్టిగా చెప్పినవాడు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగర వైద్యుడు జాన్ వాగ్. ఆయన 1947లోనే పొట్ట చుట్టూ చేరే కొవ్వును పురుషుల తీరుగా, తుంటి, తొడల మీద చేరే కొవ్వును స్త్రీల తీరుగా విడదీసి, మొదటి తీరు ఉన్న స్త్రీలకు మధుమేహం, గుండెజబ్బుల ముప్పు ఎక్కువని రాశాడు. అప్పట్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 38 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న 1,462 మంది స్త్రీలను పన్నెండేళ్లపాటు గమనించి 1984లో ప్రచురించిన అధ్యయనం ఆయన మాటను బలపరిచింది. నడుము కొలతను తుంటి కొలతతో భాగిస్తే వచ్చే నిష్పత్తి పెరిగిన కొద్దీ గుండెపోటు, పక్షవాతం, మరణం ఎక్కువయ్యాయని, బీఎంఐ కంటే ఈ నిష్పత్తే బాగా ముందస్తు సూచన ఇచ్చిందని అందులో తేలింది. మన దేశంతో సహా 52 దేశాల్లో దాదాపు 27 వేల మందిపై జరిగి 2005లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం కూడా గుండెపోటు విషయంలో అదే చెప్పింది. స్త్రీల గురించే ప్రత్యేకంగా అడిగి, స్త్రీలనే ఏళ్ల తరబడి గమనించిన గోథెన్‌బర్గ్ పరిశోధన మీద నాకు ఎక్కువ గౌరవం. గుండెజబ్బును మగవాడి జబ్బుగా చూసే అలవాటు అప్పుడూ ఉంది, ఇప్పుడూ పోలేదు.

ఇందులో అసలు సంగతి కొవ్వు చేసే పనిలో ఉంది. తుంటి, తొడల మీద చర్మం కింద చేరే కొవ్వు నెమ్మదైనది. గర్భం, పాలివ్వడం వంటి అవసరాలకు శరీరం దాచుకున్న నిలువ లాంటిది. రక్తంలోకి కొవ్వు ఆమ్లాలను అది తొందరపడి వదలదు, తిన్నదానిలో మిగిలిన కొవ్వును తనలోకి తీసుకుని కాలేయాన్ని కొంత కాపాడుతుంది. పేగుల చుట్టూ చేరే లోపలి కొవ్వు వేరు. దాని నుంచి వెలువడే కొవ్వు ఆమ్లాలు, వాపును పెంచే రసాయనాలు పేగుల నుంచి రక్తాన్ని మోసుకెళ్లే పోర్టల్ సిర ద్వారా సూటిగా కాలేయానికి చేరుతాయి. కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, ఇన్సులిన్ మాట అది వినడం మానేస్తుంది, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, పరగడుపు షుగరు పైకి జరుగుతుంది. యవ్వనంలో ఈస్ట్రోజెన్ హార్మోను కొవ్వును కిందివైపు, అంటే తుంటి, తొడల వైపు మళ్లిస్తూ ఉంటుంది. ముట్లు ఆగిపోయే వయసు దగ్గరపడి ఆ హార్మోను తగ్గే కొద్దీ కొవ్వు పొట్టలోకి మళ్లుతుంది, అదే సమయంలో కండ కూడా తగ్గుతుంది. కండ తగ్గి కొవ్వు పెరిగితే కాటా మీద ముల్లు కదలదు. నా విషయంలో జరిగింది ఇదే.

పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్న అమ్మాయిల్లో ఈ మార్పు ఇరవైల్లోనే రావచ్చు. గర్భిణిగా ఉన్నప్పుడు షుగరు వచ్చి కాన్పు తరవాత తగ్గిపోయినవారు కూడా నడుము కొలతపై మరింత శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే వారికి తరవాతి ఏళ్లలో మధుమేహం వచ్చే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ.

కొలిచే పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. చీర కట్టుకునే చోటో, బొడ్డు మీదుగానో, అన్నిటికంటే సన్నగా కనిపించే చోటో కొలవకూడదు. చేత్తో తడుముకుంటే పక్కన చివరి పక్కటెముక అంచు తగులుతుంది, దాని కింద తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన టేపు నేలకు సమాంతరంగా చుట్టూ రావాలి. వీపు వైపు టేపు జారిపోతుంది గనుక అద్దం ముందు నిలబడి చూసుకోవాలి. పాదాలు దగ్గరగా పెట్టి, మామూలుగా ఊపిరి వదిలిన తరవాత, పొట్ట లోపలికి లాక్కోకుండా చదవాలి. టేపు ఒంటిని తాకాలి గానీ నొక్కకూడదు. లంగా బొందు బిగించిన గాడి పడి ఉంటే కాసేపు వదులుగా ఉండి తరవాత కొలుచుకోవాలి. పొద్దున్నే, ఏమీ తినక ముందు కొలిస్తే నెల నెలకూ పోల్చుకోవడానికి బాగుంటుంది. సీటు కొలత పిరుదులు అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట తీసుకోవాలి. మన ప్రాంతపు స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు, అంటే 31 అంగుళాలన్నర, దాటితే ముప్పు మొదలైనట్టు లెక్క. నడుము, సీటు నిష్పత్తి 0.85 దాటకూడదు. 2009లో నాది 0.76, 2024లో 0.92.

టేపు లేనివారికి ఇంకొక దారి ఉంది. మన ఎత్తుకు సరిపడా దారం కొలిచి, సగానికి మడిచి, నడుము చుట్టూ తిప్పాలి. రెండు చివరలూ కలిస్తే మంచిది, కలవకపోతే నడుము ఎత్తులో సగం దాటినట్టు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల్లో 2022 నుంచి ఈ సగం లెక్కనే ప్రజలకు చెబుతున్నారు. పొట్టిగా ఉన్న మా అత్తయ్యగారికి ఈ దారం లెక్క 80 సెంటీమీటర్ల కంటే న్యాయమైనదని నా అభిప్రాయం; ఆవిడ ఎత్తు 146, దాని సగం 73.

ఈ కొలతలతో అన్నీ తేలిపోవు. గర్భిణులకు, ఈమధ్యే కాన్పు అయినవారికి ఇవి వర్తించవు. కండ తగ్గి సీటు చిన్నదైనా నిష్పత్తి పెరుగుతుంది గనుక ఒక్క నిష్పత్తినే చూడటం సరికాదు, నడుము అంకె కూడా పక్కన ఉండాలి. గ్యాసు వల్ల, గర్భాశయంలో గడ్డల వల్ల కూడా పొట్ట పెరగవచ్చు. కొన్ని వారాల్లోనే పొట్ట ఉబ్బి, కొంచెం తినగానే కడుపు నిండినట్టు అనిపించి, మరోవైపు బరువు తగ్గుతుంటే దాన్ని కొవ్వు అనుకుని ఊరుకోకూడదు. అండాశయాల క్యాన్సరు కూడా అలాగే మొదలుకావచ్చు గనుక వెంటనే డాక్టరుకు చూపించాలి.

నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. మన దగ్గర స్త్రీ శరీరాన్ని శ్రద్ధగా కొలిచేది గర్భిణిగా ఉన్న తొమ్మిది నెలలే. తరవాతి నలభై ఏళ్లలో ఎవరైనా కాటా ఎక్కిస్తే అదే ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2019-21 నాటి అయిదో విడతలో గానీ నడుము, తుంటి కొలతలు తీసుకోలేదు. ఆ మొదటిసారే తేలిందేమిటంటే, దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో బీఎంఐ 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నవారు 24 శాతం కాగా, నిష్పత్తి 0.85 హద్దును చేరినవారు దాదాపు 57 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న స్త్రీలే నాకు కళ్ల ముందు కనిపిస్తారు, ఎందుకంటే "మీకు ఏ ఇబ్బందీ లేదమ్మా" అని చెప్పి పంపేది వారినే. ముప్పై దాటినవారి కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుము కొలతకు ఒక గడి ఉంది: స్త్రీలకు 80 లోపు సున్నా, 81 నుంచి 90 వరకు 1, ఆపైన 2 మార్కులు. మా వీధికి వచ్చిన అమ్మాయి ఆ గడిని అంచనాగా నింపబోతే, నేను ఇంట్లోంచి టేపు తెచ్చి ఇచ్చాను. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమె సంచిలో టేపు లేదు.

ఇంట్లో ఈ సంగతి మాట్లాడేటప్పుడు నేను ఒక జాగ్రత్త పాటిస్తున్నాను. పొట్ట, బొజ్జ అన్న మాటలను మన ఇళ్లలో వెక్కిరింతకే ఎక్కువగా వాడతాం. పందొమ్మిదేళ్ల పిల్ల ముందు ఆ మాట అంటే అది అన్నం మానేస్తుంది తప్ప ఆరోగ్యం గురించి ఆలోచించదు. అందాల పోటీల కొలతలకూ ఈ 80కీ సంబంధం లేదని, ఇది బీపీ అంకె వంటిదని అమ్మాయికి విడమరిచి చెప్పాను. వెడల్పైన తుంటి గురించి చిన్నబుచ్చుకునే అమ్మాయిలకు, అక్కడి కొవ్వు వారికి మేలు చేసేదేనని ఎవరైనా చెప్పాలి.

పొట్ట తగ్గించే వ్యాయామాలంటూ ఆ ఒక్కచోటే కొవ్వు కరిగించడం సాధ్యం కాదని డాక్టరుగారు ముందే చెప్పారు. రోజూ నలభై నిమిషాల వేగపు నడక, వారానికి మూడు రోజులు నీళ్ల సీసాలు పట్టుకుని చేసే కండ వ్యాయామం, రాత్రి అన్నం సగం చేసి పప్పు, కూర పెంచడం, ఇంతే నేను చేసినది. ఏడాదిలో బరువు ఒక్క కిలోనే తగ్గింది. లోపలి కొవ్వు నడకకు ముందుగా స్పందిస్తుందని చదివాను గనుక కాటా చూసి నిరుత్సాహపడలేదు. ఈ నెల మొదటి ఆదివారం నడుము 82 సెంటీమీటర్లు వచ్చింది, పరగడుపు షుగరు 101. రెండూ ఇంకా గీతకు కొంచెం పైనే ఉన్నాయి. చుడీదారు వదులైందని పట్టుకెళితే పిన్నిగారు పక్కలకు ఒక కుట్టు లోపలికి వేసి, పుస్తకంలో 34 పక్కన పెన్సిలుతో 32 పావు అని రాసుకున్నారు. తరవాత టేపు నా చేతికిచ్చి, తన నడుము కూడా కొలవమని లేచి నిలబడ్డారు.