దావీదు అడగని ప్రశ్న

బైబిలులోని మొదటి రాజుల గ్రంథం 1వ అధ్యాయం 6వ వచనం, హగ్గీతు కుమారుడైన అదోనీయా తానే రాజునవుతానని హెచ్చించుకొన్న సందర్భంలో, అతని తండ్రి దావీదును గురించి ఒక చిన్న మాట చెప్పి ముందుకు సాగిపోతుంది. నీవెందుకు ఇలా చేస్తున్నావని తండ్రి ఆ కుమారుణ్ని ఏనాడూ అడిగి నొప్పించలేదట. రథాల మధ్య, గుర్రపు రౌతుల మధ్య, ముందు పరుగెత్తే యాభైమంది మధ్య ఆ మాట కంటపడకుండా జారిపోతుంది. నేనూ చాలాకాలం దాన్ని అలాగే దాటిపోయాను.

దావీదు అడగడం తెలియనివాడైతే ఈ వచనంలో వింత లేదు. యెష్షయి ఇంట గొర్రెలు కాసిన ఆ కడపటి కుమారుడు రాజైన వైనమంతా దేవుణ్ని అడుగుతూ నడిచిన నడకే. కెయీలాను ఫిలిష్తీయుల చేతిలోనుండి విడిపించడానికి వెళ్లనా అని అడిగాడు. వెంట ఉన్నవారు భయపడితే మరల అడిగాడు. సిక్లగు కాలిపోయి, భార్యాబిడ్డలు చెరపట్టబడి, సొంత మనుషులే రాళ్లతో కొట్టి చంపుతామంటున్న గడియలో సైతం యాజకుడైన అబ్యాతారు చేత ఏఫోదు (దేవుణ్ని విచారించడానికి వాడిన యాజక వస్త్రం) తెప్పించి, ఆ దండును తరమనా అని అడిగాడు. తనకు ముందు రాజైన సౌలు మరణించిన తరువాత యూదా పట్టణాలలో దేనికి వెళ్లాలో కూడా అడిగి, హెబ్రోను అన్న జవాబు వచ్చాకే కదిలాడు. (సౌలు అన్న పేరుకు ‘అడగబడినవాడు’ అని అర్థం, అతడు అడిగితే జవాబు రాని రోజు వచ్చింది.) రాజైన తరువాత కూడా దావీదు, రెఫాయీము లోయలో ఫిలిష్తీయుల మీద ఒకసారి జయం దొరికిందని రెండవసారి అడగడం మానలేదు.

అడగడం చెడింది మేడమీద. అక్కడనుండి స్నానం చేస్తూ కనబడిన స్త్రీ ఎవరని విచారించాడు. హిత్తీయుడైన ఊరియా భార్య బత్షెబ అన్న జవాబు స్పష్టంగానే వచ్చింది, అయినా ఆగక ఆమెను పిలిపించుకొని కూడాడు. తరువాత యుద్ధంలో ఉన్న ఊరియాను పిలిపించి సేనాధిపతి యోవాబు క్షేమమా, జనులు క్షేమమా, యుద్ధం ఎలా సాగుతోందని అడిగాడు. హెబ్రీలో ఆ ఒక్క వాక్యంలోనే క్షేమం, సమాధానం అని అర్థమిచ్చే షాలోమ్ అన్న మాట మూడుసార్లు వస్తుంది. పాపాన్ని కప్పిపుచ్చడానికి వేసిన కుశలప్రశ్న అది. నాతాను ప్రవక్త వచ్చి గద్దించినప్పుడు దావీదు తన పాపాన్ని ఒప్పుకొన్నాడు, క్షమాపణా పొందాడు. కాని ఖడ్గం ఇంటిని విడువదన్న మాట మాత్రం నిలిచిపోయింది.

ఆ మాట ఇంటిలోనికి వచ్చిన తీరే మనసును పిండుతుంది. దావీదు జ్యేష్ఠ కుమారుడు అమ్నోను చెల్లెలి వరసైన తామారు మీద కన్నువేసి, రోగినని నటించి పడుకొని ఆమెను పంపమని కోరినప్పుడు, ఆమెను అతని ఇంటికి పొమ్మని కబురంపింది తండ్రే. అతని చేత బలాత్కారంగా అవమానింపబడి, చింపిన వస్త్రంతో, తలమీద బూడిదతో ఏడుస్తూ వెళ్లిన ఆ కుమార్తెను రాజు పిలిచి పలకరించినట్లు ఒక్క వాక్యమైనా లేదు. దావీదు బహుగా కోపగించాడని రాసి హెబ్రీ గ్రంథం ఊరుకుంటుంది. ప్రాచీన గ్రీకు అనువాదమైతే, అమ్నోను జ్యేష్ఠుడైనందున, తాను ప్రేమించినందున, అతని మనసు నొప్పించలేదని కూడా చెబుతుంది. ఆ కోపం ఎవరికీ న్యాయం చేయలేదు. తామారు తోబుట్టువైన అబ్షాలోము రెండేళ్లు నోరు మెదపకుండా వేచి అన్నను చంపించాడు. గెషూరులో తల్లి తండ్రియైన తల్మయి దగ్గర మూడేళ్లు గడిపి తిరిగి వచ్చాక, యెరూషలేములోనే ఉండి రెండేళ్లపాటు తండ్రి ముఖం చూడలేదు. చివరికి రాజు ముద్దుపెట్టుకొన్నాడు గాని, ఆ కలయికలో వారిద్దరి మధ్య ఏ మాటా నడిచినట్లు గ్రంథం చెప్పదు.

తండ్రి మానిన పనిని కుమారుడు చేపట్టాడు. పెందలకడ లేచి, పట్టణ ద్వారపు దారిలో నిలబడి, వ్యాజ్యాలతో వచ్చే ప్రతివాణ్నీ నీది ఏ ఊరని అడిగాడు. ఇశ్రాయేలీయుల హృదయాలను అతడు దొంగిలించాడని గ్రంథం అంటుంది. ఆ దొంగతనం మొదలైంది అంత చిన్న ప్రశ్నతోనే అనుకుంటాను.

ఆ తరువాత అబ్షాలోము తిరుగుబాటు చేయగా దావీదు యెరూషలేము విడిచి, తల కప్పుకొని, చెప్పులు లేకుండా, ఏడుస్తూ ఒలీవ కొండ ఎక్కాడు. యుద్ధం జరిగిన రోజున మహనయీములో రెండు గుమ్మాల నడుమ కూర్చొని ఉండగా మొదట అహిమయస్సు, వెనుక కూషీయుడు యుద్ధవార్తతో పరుగెత్తి వచ్చారు. రాజ్యం నిలిచిందని ఇద్దరూ చెప్పినా, దావీదు ఇద్దరినీ ఒకే మాట అడిగాడు: బాలుడైన అబ్షాలోము క్షేమమేనా? ఊరియాను అడిగిన షాలోమ్ అన్న మాటే ఇదీ, ఆ కుమారుని పేరులో దాగిన మాట కూడా ఇదే. ఈసారి అందులో కపటం లేదు, కాని జవాబు చెప్పవలసినవాడు లేడు, అబ్షాలోము ఆ యుద్ధంలో చనిపోయాడు. గుమ్మం పైగదిలో మొదలైన ఆ రోదనలో, రెండు వచనాలు కలిపి హెబ్రీలో ‘నా కుమారుడా’ అన్న పిలుపు ఎనిమిదిసార్లు వినిపిస్తుంది.

ఇంత జరిగినా అదోనీయాను ఎవరూ ఏమీ అడగలేదు. కప్పుకొన్నా వెట్ట పుట్టని ముసలితనంలో, బత్షెబ వచ్చి సాగిలపడినప్పుడు మాత్రం రాజు నీకేమి కావాలని అడిగాడు. ఆ ప్రశ్న మీదనే ఆమె కుమారుడు సొలొమోను సింహాసనం నిలిచింది. తరువాత గిబియోనులో రాత్రివేళ కలలో దేవుడే సొలొమోనుకు ప్రత్యక్షమై, నీకేమి ఇవ్వాలో అడుగుమన్నాడు. దావీదు కుమారుడు అడిగింది, హెబ్రీ మాటను ఉన్నదున్నట్లు చెబితే, వినే హృదయం.