లక్కమాంబ కొడుకు

మన బడి సంచికకు ఏదైనా రాయమనగానే నాకు తెలుగు సారు చెప్పిన ఒక పాఠం గుర్తుకొచ్చింది. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక ఆ పాఠం నాకు రోజూ పనికొస్తోంది.

బమ్మెర మనకు పక్క ఊరు. అందుకే పోతన మనకు పుస్తకంలో కవి కంటే ముందు ఊరి మనిషి. ప్రహ్లాదుడి పాఠం నడుస్తున్నప్పుడు సారు పుస్తకం మూసి, భాగవతం మొదట్లో పోతన తన ఇంటి గురించి చెప్పుకున్న పద్యాలు రాగం తీసి చదివారు. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ. ఆమె సదాశివుని పాదాలు కొలిచిన తల్లి. ఆమె కొడుకు చంద్రగ్రహణం నాటి రాత్రి నదిలో మునిగి, ఇసుకతిన్నె మీద మహేశ్వరుణ్ణి ధ్యానిస్తుంటే శ్రీరాముడు కనిపించి భాగవతం తెలుగు చేయమన్నాడు. శివపూజ చేసే ఇంట్లోంచి విష్ణుకథ వచ్చింది.

"లక్కమాంబ కొడుక్కు భక్తి ఇచ్చిందిరా. అది ఎటు పోవాల్నో ఆయనే చూసుకున్నడు" అన్నారు సారు. హిరణ్యకశిపుడూ కొడుకును ప్రేమించినవాడే, ఏం చదివావో చెప్పమని మురిపెంగా అడిగినవాడే. తాను కోరిన జవాబు రాకపోయేసరికి తట్టుకోలేకపోయాడు. లక్కమాంబనూ హిరణ్యకశిపుణ్ణీ పక్కపక్కన పెట్టి చూపించడం ఆ సారుకే చెల్లింది.

ఆ మాట నాకు మా ఇంట్లోనే అర్థమైంది. చిన్నప్పుడు అమ్మ నాకు దేవుడి గురించి చెప్పింది తక్కువ. బతుకమ్మ పేరుస్తూ తంగేడు, గునుగు అందియ్యమనేది. ఆకలని వాకిట్లోకి వచ్చినవాళ్ళకు బియ్యం నా చేత్తోనే పోయించేది. నాయన పీర్ల పండుగకు భుజాల మీద ఎక్కించుకొని పోయేవాడు. శివరాత్రికి పాలకుర్తి గుట్ట ఎక్కించేవాడు. సోమేశ్వరుడూ లక్ష్మీనరసింహుడూ ఒకే గుట్ట మీద కొలువున్న ఊరు మనది. దేవుళ్ళు తగాదా పడతారన్న ఊహే మాకు రాలేదు.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా బావి ఎండింది. ఆ శివరాత్రికి నేను గుట్టకు రానన్నాను. "దేవుడుంటే మన బాయి ఎందుకెండింది?" అని నిలదీశాను. నాయన చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెల్వది బిడ్డా. తెల్వకున్నా మొక్కుత" అన్నాడు. ఒక్కడే పోయొచ్చి కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టాడు. అలగలేదు, బతిమాలలేదు. రెండేళ్ళకు నా అంతట నేనే మళ్ళీ గుట్టెక్కాను. ఆ రోజు ఆయన ఏదో ఒక జవాబు కల్పించి చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. తెలియదన్నాడు కాబట్టే ఆయన మొక్కు నిజమని నమ్మాను.

ఇప్పుడు హైదరాబాదులో మా చుట్టుపక్కల పిల్లలతో శ్లోకాలు అప్పజెప్పించి వీడియోలు తీస్తున్నారు. కంఠస్థం మంచిదే, నాకూ ఇష్టమే. కానీ ఆ పిల్లలు ఇంట్లో పనిమనిషికి మంచినీళ్ళు ఇవ్వడం చూస్తున్నారా, అమ్మానాన్నలు కోపాన్ని దిగమింగడం చూస్తున్నారా అన్నది నాకు అంతకన్నా ముఖ్యం. ఏడేళ్ళ మా పాపతో కలిసి దీపం పెడతాను, రాత్రి కథ చెబుతాను. పద్నాలుగేళ్ళ బాబుకు కథ చాలదు. "అంత చిన్న పిల్లవాడిని ఏనుగులతో తొక్కిస్తుంటే తల్లి ఏం చేస్తోంది?" అని మొన్న అడిగాడు. ప్రహ్లాదుడి తల్లి లీలావతి గర్భంతో ఉన్నప్పుడే నారదుడి మాటలు విన్నదని చెప్పాను. అది తన ప్రశ్నకు జవాబు కాదన్నాడు. నిజమే, కాదు. ఆ సంగతి మేమిద్దరం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

వచ్చే శివరాత్రికి పిల్లలతో వస్తున్నాను. మీరూ మీ పిల్లల్ని తీసుకురండి. గుట్ట దిగాక అందరం కలిసి బమ్మెర పోదాం, పోతన సమాధి చూపిద్దాం. లక్కమాంబ సంగతి మాత్రం ఈసారి నేను చెబుతాను.