బ్యాక్‌ప్లేట్ కొనుడు సులువే, బిగించుకునుడే పని

బావిల ఈత నేర్పేటప్పుడు బెండ్లు పిల్లల వీపుకే కడతారు. తేల్చేది వీపు మీదుంటే మనిషి బోర్లా సాగి ఉంటాడు. స్కూబా డైవింగ్‌లో, అంటే గాలి సిలిండర్‌తో నీళ్ళ లోపల ఈదేటప్పుడు, వింగ్ పనీ అదే. బ్యాక్‌ప్లేట్ అంటే వీపుకు కట్టుకునే లోహపు పలక; దానికీ సిలిండర్‌కూ మధ్య ఉండే గాలి సంచే వింగ్. జాకెట్ బీసీడీలో, అంటే చొక్కాలా తొడుక్కునే గాలి సంచిలో, గాలి పక్కల చుట్టూ చేరుతుంది, మునగడానికి కట్టుకునే సీసం నడుముకు వేలాడుతుంది, కాళ్ళు కిందికి దిగిపోతాయి. వింగ్‌లో గాలి సిలిండర్‌కు అటూ ఇటూ వీపు వెనకే ఉంటుంది.

స్టీలు ప్లేటు సుమారు 2.7 కిలోలు, అల్యూమినియంది కిలో లోపు. శంషాబాద్‌లో అండమాన్ విమానం ఎక్కేటప్పుడు 15 కిలోల లగేజీలో ఈ తేడా తెలుస్తుంది. అయినా నా ఓటు స్టీలుకే, నడుము మీది సీసం అంత తగ్గుతుంది గనక. వింగ్‌కు ఒక్క సిలిండరైతే 13 నుంచి 18 కిలోల లిఫ్ట్ (తేల్చే శక్తి) చాలు. పెద్దదైతే మంచిదే కదా అని 25 కిలోలది తీసుకుంటే, అంచులు సిలిండర్ చుట్టూ ముడుచుకుని గాలి మడతల్లో చిక్కుతుంది, వదిలినా బయటికి రాదు.

అసలు పని హార్నెస్‌ది, అంటే ప్లేటును ఒంటికి కట్టే పట్టీది. రెండంగుళాల పట్టీ, ఒకటే ముక్క, దాదాపు 12 అడుగులు. ప్లేటు పై స్లాట్లలోంచి వచ్చి, భుజాల మీదుగా దిగి, కింది పక్క స్లాట్లలో దూరి, అదే నడుం పట్టీ అవుతుంది. వెట్‌సూట్ వేసుకునే కొలవండి, టీషర్టు మీద కొలిస్తే నీళ్ళ దగ్గర సరిపోదు. చెయ్యి భుజం మీదుగా వెనక్కి పెడితే ప్లేటు పై అంచు వేళ్ళకు తగలాలి. భుజం పట్టీ కింద నాలుగు వేళ్ళు పడుకోబెట్టి దూర్చగలగాలి. చాలామంది ఇక్కడే బిగించేస్తారు. అప్పుడు చెయ్యి వెనక్కి పోదు, వాల్వ్ అందదు, పైకొచ్చాక హార్నెస్ విప్పుకోవడానికి ఇంకొకరు కావాలి. ప్లేటును కదలకుండా పట్టేది భుజాలు కాదు, నడుం పట్టీ, కాళ్ళ మధ్య పట్టీ.

ఛాతీ మీది డీ-రింగులు చంకల ఎత్తులో ఉండాలి, ఎదురు చేతికి అందాలి. ప్రెషర్ గేజ్ తగిలించే రింగు ఎడమ తుంటి మీద. నడుం పట్టీ బకిల్‌ను నడిమధ్యన కాక కొంచెం కుడికి జరపండి; మధ్యలో ఉంటే కాళ్ళ పట్టీ కొస రాసుకుని తెరుచుకోవచ్చు. మిగిలిన పట్టీని వెంటనే కత్తిరించకండి. నాలుగైదు డైవ్‌ల తర్వాత ఒక జానెడు వదిలి కోసి, కొసను కొవ్వొత్తి మంటకు కరిగించండి. బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి కుట్టించారో, ఇక సర్దుకునే వీలుండదు.

సిలిండర్ పట్టీలను తడిపాకే బిగించాలి. పొడిగా బిగిస్తే నీళ్ళలో సాగి సిలిండర్ జారుతుంది.

ఇప్పుడు బరువు. సముద్రంలో 3 మిల్లీమీటర్ల సూట్‌తో, జాకెట్‌తో 6 కిలోల సీసం పట్టేదనుకోండి. ప్లేటు 2.7 తీసేయండి. జాకెట్ మెత్తల తేలికదనం పోయినందుకు ఇంకో కిలో. మిగిలేది రెండు, రెండున్నర. ఇది అంచనానే, తేల్చాల్సింది నీళ్ళలో: సిలిండర్‌లో గాలి పీడనం 50 బార్‌కు తగ్గాక, వింగ్ ఖాళీగా, 3 మీటర్ల లోతున నిలవగలగాలి. డైవ్ మొదట్లో గాలి బరువే రెండు కిలోలు అదనం. నల్లగొండలోనో పాలమూరులోనో పూల్‌లో సరిచూసుకుంటే, అది మంచి నీళ్ళని మరవకండి. మనిషి, సామాను కలిపి 100 కిలోలైతే సముద్రానికి ఇంకో రెండున్నర కిలోలు కలపాలి. అదే పూల్‌లో వింగ్ ఖాళీ చేసి, నిండు సిలిండర్‌తో అడుగు నుంచి కాళ్ళు ఆడించి పైకి రాగలరో లేదో కూడా చూడండి. ప్లేటును సీసంలా విప్పి పారేయలేరు కదా.

నీళ్ళ మీద వింగ్ మరీ ఊదితే మొహం ముందుకు వాలుతుంది. కొంచెమే ఊది వెనక్కి వాలండి.

ఇంటికొచ్చాక వింగ్ లోపల కూడా కడగాలి. మన దగ్గర చాలా ఊళ్ళ బోరు నీళ్ళు ఉప్పన, అవి ఆరితే ఇన్‌ఫ్లేటర్ (వింగ్‌లో గాలి నింపేది) బటన్ దగ్గర తెల్లగా పేరుకుంటుంది. ఆఖరి కడుగు నల్లా నీళ్ళతో చేయండి. ఆ బటన్ లోపల ఇరుక్కుంటే వింగ్ తనంతట తనే నిండుతుంది. అప్పుడు ఒక చేత్తో గాలి వదులుతూ రెండో చేత్తో, సిలిండర్ నుంచి ఇన్‌ఫ్లేటర్‌కు గాలి తెచ్చే లో-ప్రెషర్ గొట్టం పీకాలి.